బెల్జియంలో ఒక వేసవి: సైకిల్ రేసర్‌గా తొంభై రోజులు గడపడం ఎలా?

మన దగ్గర రోడ్డు రేసులు ఏడాదికి ఎన్ని జరుగుతాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాష్ట్ర పోటీలు, నేషనల్స్, మధ్యలో ఎవరో ప్రైవేటుగా పెట్టేవి ఒకటో రెండో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన సోలార్ కప్పు ట్రాక్ మీద ఎంత తొక్కినా కాళ్లకు బలం వస్తుంది. నూరు మంది గుంపులో మోచెయ్యి మోచెయ్యి రాసుకుంటూ బ్రేకు ముట్టుకోకుండా మలుపు తిరగడం మాత్రం రాదు. అది రేసుల్లోనే వస్తుంది. రేసులు అలా వరసగా దొరికే చోటు బెల్జియం ఉత్తర భాగమైన ఫ్లాండర్స్. అక్కడ ఊరి జాతర ఉందంటే సైకిల్ రేసు ఉన్నట్టే. ఈ జాతర రేసుల్నే కెర్మెస్ అంటారు. జులై, ఆగస్టుల్లో దాదాపు ప్రతి రోజూ ఏదో ఒక ఊళ్లో ఒకటి ఉంటుంది, చాలావరకు మీరు అక్కడ ఉండే ఇంటి నుంచి తొక్కుకుంటూ వెళ్లగలిగే దూరంలోనే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికా కుర్రాళ్లు దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నారు. టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడే రేసు) జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన నవీన్ జాన్ కూడా అక్కడికి వెళ్లి కెర్మెస్‌లు తొక్కినవాడే. మీ దగ్గర రేసింగ్ లైసెన్సు, మూడు నెలల సెలవు, కొంత పొదుపు ఉంటే మీరూ వెళ్లవచ్చు. అమ్మాయిలకూ విడిగా కెర్మెస్‌లు ఉంటాయి, ఇక్కడ చెప్పేదంతా వాళ్లకూ వర్తిస్తుంది.

ముందే ఒక మాట. కెర్మెస్ అంటే రెండున్నర, మూడు గంటల పని. రోజులో మిగతా ఇరవై ఒక్క గంటలూ మీరు పరాయి దేశంలో ఒంటరిగా వండుకుని, బట్టలు ఉతుక్కుని, సైకిల్ కడుక్కుని, నిద్రపోవాల్సిన మనిషి. అక్కడికి వెళ్లి నాలుగో వారానికే డీలా పడేవాళ్లలో ఎక్కువ మందిని దెబ్బతీసేది ఈ ఇరవై ఒక్క గంటలే. కాబట్టి ఇందులో ట్రైనింగ్ గురించి తక్కువ, బతకడం గురించి ఎక్కువ ఉంటుంది.

1. కాగితాల పని ఆరు నెలల ముందు మొదలుపెట్టండి

మొదట లైసెన్సు. మీ రాష్ట్ర సైక్లింగ్ సంఘం ద్వారా సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నుంచి ఆ ఏడాది లైసెన్సు తీసుకోండి. దాని మీద పదకొండు అంకెల యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ఐడీ ఉంటుంది. అక్కడ పేర్లు నమోదు చేసుకునేటప్పుడు అందరూ అడిగేది ఆ నంబరే. లైసెన్సుతో పాటు విదేశంలో పోటీ పడటానికి ఫెడరేషన్ ఇచ్చే అనుమతి పత్రం కూడా కావాలి. ఇది లేకుండా వెళ్తే రేసు దగ్గర టేబుల్ అవతల కూర్చున్న పెద్దాయన మీ మొహం చూసి జాలిపడతాడు తప్ప నంబరు ఇవ్వడు. మీరు వెళ్లే తేదీ నుంచి తిరిగి వచ్చే తేదీ వరకు మొత్తం కాలానికి ఒకే పత్రం అడగండి.

మీరు ఇప్పటికే బెల్జియంలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉంటే లెక్క వేరు. లైసెన్సు మనం నివసించే దేశపు సమాఖ్య నుంచే తీసుకోవాలన్నది యూసీఐ నియమం. గెంట్, లూవెన్ లాంటి చోట్ల ఉన్న తెలుగు విద్యార్థులు స్థానిక క్లబ్బులో చేరి, ఫ్లాండర్స్ సైక్లింగ్ సంఘమైన సైక్లింగ్ వ్లాండరెన్ ద్వారా అక్కడి లైసెన్సే తీసుకోవడం సులువు.

తర్వాత వీసా. మూడు నెలలకైతే బెల్జియంతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసా చాలు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి. మధ్యలో ఫ్రాన్స్‌కో నెదర్లాండ్స్‌కో వెళ్లి రేసు తొక్కినా అవీ ఆ తొంభైలోవే. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. అక్కడి క్లబ్బు లేదా మీకు గది ఇచ్చే ఇంటివాళ్లు రాసిన ఆహ్వాన పత్రం, ఉండబోయే చిరునామా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు పత్రం, తిరుగు టికెట్ అన్నీ జత చేయండి. ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీలో సూటిగా రాయండి, తొక్కాలనుకుంటున్న రేసుల జాబితా పెట్టండి. టూరిస్టునని రాసి కార్బన్ సైకిల్‌తో దిగడం కంటే ఉన్నది చెప్పడమే మంచిది. ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడి నుంచే పని చేసుకుంటానని మాత్రం అనుకోవద్దు. ఆ వీసా పని చేసుకోవడానికి ఇచ్చేది కాదు.

ఇన్సూరెన్సు దగ్గర చాలా మంది పప్పులో కాలేస్తారు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ట్రావెల్ పాలసీ ఆ షరతుకు సరిపోతుంది. కానీ దాని చిన్న అక్షరాల్లో ‘పోటీ క్రీడలు మినహా’ అని ఉంటుంది. వీసా కోసం అది పనికొస్తుంది, కాలర్ బోన్ విరిగితే పనికిరాదు. రేసింగ్‌లో జరిగే ప్రమాదాలకు వర్తించే పాలసీ వెతికి, ఆ వాక్యం ఉన్న పేజీని ఫోన్‌లో దాచుకోండి.

2. ఎక్కడ ఉండాలి

గెంట్ లేదా ఆడెనార్డె. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకు గెంట్. బ్రసెల్స్ విమానాశ్రయం కింద నుంచే గెంట్‌కు నేరుగా రైలు ఉంటుంది, సుమారు గంట ప్రయాణం. అది విద్యార్థుల ఊరు కాబట్టి వేసవిలో వాళ్లు ఖాళీ చేసిన గదులు మూడు నెలలకు దొరుకుతాయి. ఇండియన్ సరుకులు, టర్కీ వాళ్ల కూరగాయల దుకాణాలు దగ్గర్లో ఉంటాయి. వాన రోజున లోపల తొక్కుకోవడానికి బెల్జియం దిగ్గజ రేసర్ ఎడ్డీ మెర్క్స్ పేరిట కట్టిన 250 మీటర్ల వెలోడ్రోమ్ (సైకిల్ ట్రాక్) కూడా ఉంది.

ఆడెనార్డె చిన్న ఊరు. ప్రసిద్ధ ప్రొఫెషనల్ రేసు టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ 2012 నుంచి ముగిసేది అక్కడే. కోపెన్‌బర్గ్, పాటర్‌బర్గ్ లాంటి రాళ్ల ఎత్తులు ఇంటి వెనకే ఉన్నట్టు ఉంటాయి. విదేశీ రైడర్ల కోసమే నడిపే ఇళ్లు ఆ చుట్టుపక్కల కొన్ని ఉన్నాయి. గది, వర్క్‌షాపు, రేసుకు తీసుకెళ్లే వ్యాను అన్నీ కలిపి వారానికి ఇంత అని తీసుకుంటారు. ఖరీదు ఎక్కువే, కానీ మొదటి రెండు వారాలైనా అలాంటి చోట ఉంటే రేసుకు పేరెలా ఇవ్వాలో, ఏ రేసు మనకు తగినదో తెలిసిన మనుషులు పక్కనుంటారు. తర్వాత చవకైన గదికి మారవచ్చు.

హోటల్‌లో కాకుండా అద్దె గదిలోనో తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉంటే, దిగిన మూడు పనిదినాల్లో ఆ ఊరి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, వచ్చామని నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు, బీమా, చిరునామా పట్టుకెళ్లండి. కొన్ని ఊళ్లలో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, కాబట్టి ఇండియా నుంచే బుక్ చేసుకోండి.

3. సామాను

సైకిల్‌ని గట్టి పెట్టెలో సర్దండి. మీ ఫ్రేముకు సరిపోయే డిరైలర్ హ్యాంగర్లు (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) రెండు అదనంగా పెట్టుకోండి. ప్రపంచంలో అన్నీ దొరికే దేశంలో కూడా సరిగ్గా మీ ఫ్రేము హ్యాంగర్ దొరకడానికి వారం పడుతుంది. ఎలక్ట్రానిక్ గేర్ల విడి బ్యాటరీలు చేతి సంచిలో పెట్టుకోవాలి, చెక్-ఇన్ సామానులో ఒప్పుకోరు. ఖరీదైన సైకిల్ అయితే వెళ్లేటప్పుడే మన విమానాశ్రయం కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చినప్పుడు ఇది అక్కడ కొన్నదా అనే పేచీ ఉండదు.

టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి, ఫ్రేములో చోటుంటే 30. వానకు జాకెట్, మోకాళ్ల వార్మర్లు, పూర్తి వేళ్ల గ్లవ్స్ తప్పనిసరి. ‘జూన్ కదా’ అనకండి. జూన్‌లో 14 డిగ్రీల వానలో మూడు గంటలు తొక్కాల్సి రావచ్చు, మనకది అనంతగిరి పొగమంచు కంటే చలి. టెటనస్ ఇంజెక్షన్ ఇక్కడే వేయించుకుని బయల్దేరండి. చిన్న కుక్కర్ పెట్టుకోండి, దాని పని తర్వాత చెప్తాను.

4. మొదటి వారం: రేసు వద్దు, రోడ్డు నేర్చుకోండి

దిగిన మూడో రోజే రేసు తొక్కాలనిపిస్తుంది. ఆగండి. ముందు కుడివైపు తొక్కడం ఒంటికి పట్టాలి. మామూలుగా వెళ్తున్నప్పుడు ఇబ్బంది ఉండదు. అలసిపోయి, ఆలోచన లేకుండా చౌరస్తాలో తిరిగినప్పుడు పాత అలవాటు మిమ్మల్ని ఎడమ వైపుకు లాగుతుంది. రౌండ్‌అబౌట్‌లో తిరిగే దిశ కూడా మనకు తలకిందులే.

ఇంకా ముఖ్యమైనది కుడి నుంచి వచ్చేవాడికి ప్రాధాన్యం అన్న నియమం. బోర్డు, గీత ఏమీ లేని చిన్న కూడలిలో మీ కుడివైపు సందులోంచి కారు వస్తే మీరే ఆగాలి. అతను అటూ ఇటూ చూడకుండా వచ్చేస్తాడు, ఎందుకంటే అది అతని హక్కు. మన దగ్గర పెద్ద రోడ్డు మీద ఉన్నవాడిదే పెత్తనం కాబట్టి ఇది తలకెక్కడానికి టైమ్ పడుతుంది. పల్లెల్లో ఇళ్ల మధ్య నుంచి వెళ్తున్నప్పుడు ప్రతి కుడి సందునీ చూసుకోండి.

సైకిల్ దారి ఉన్న చోట అందులోనే వెళ్లాలి, ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా సరే. పదిహేను నుంచి యాభై మంది గుంపుగా వెళ్తే మాత్రం ఇద్దరిద్దరుగా రోడ్డు మీద తొక్కవచ్చు. అందుకే అక్కడి క్లబ్బు రైడ్లు పెద్ద గుంపులుగా ఉంటాయి. గెంట్ నుంచి ఆడెనార్డె వైపు షెల్ట్ నది గట్టు మీద దారి ఉంది. కార్లుండవు, ఎత్తుపల్లాలుండవు. తేలికగా తొక్కాల్సిన రోజుకు అంతకన్నా మంచి చోటు లేదు. కాకపోతే కుక్కల్ని తిప్పే తాతలు, బడికెళ్లే పిల్లలు అందరిదీ అదే దారి, అక్కడ ఇంటర్వెల్స్ (ఆగి ఆగి వేగంగా తొక్కే సాధన) చేయకండి. దారి తప్పుతానని భయం అక్కర్లేదు. కూడళ్లకు అంకెలు వేసి ఉంటాయి, వెళ్లాల్సిన అంకెలు చీటీ మీద రాసుకుని హ్యాండిల్ మధ్యనుండే స్టెమ్‌కు అంటించుకుంటే చాలు. 1995లో లింబర్గ్‌లో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు ఫ్లాండర్స్ అంతా ఉంది.

గుంపులో వినిపించే డచ్ అరుపులు నేర్చుకోండి. ‘ఫోర్’ అంటే ముందు నుంచి ఏదో వస్తోంది, ‘అఖ్తర్’ అంటే వెనక కారు, ‘పాల్చె’ అంటే దారి మధ్యలో స్తంభం. చివరిదాన్ని నిర్లక్ష్యం చేయకండి, ముందున్నవాడు ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటే ఆ స్తంభం నేరుగా మీకు ఎదురవుతుంది. మిగతా మాటలన్నీ ఇంగ్లిష్‌లో నడిచిపోతాయి. మీకు ఫ్రెంచ్ వచ్చినా ఫ్లాండర్స్‌లో మొదటి మాట అందులో మాట్లాడకండి. ఇంగ్లిష్‌కు ఎవరూ ఏమీ అనుకోరు గానీ, ఫ్రెంచ్ దగ్గర పాత భాషా తగాదాలు చాలా ఉన్నాయి.

జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. కిటికీకి నల్ల గుడ్డ కట్టుకోండి, లేకపోతే మొదటి వారమంతా నిద్ర ఉండదు.

5. వంటగది

ఇక్కడ మనవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. యూరప్ టీముల్లో మసాజర్లు రైడర్లకు చేసిపెట్టేది అన్నం ముక్కలే. మెత్తగా వండి, తీపి కలిపి, అచ్చులో పోసి కోసి, రేకులో చుట్టి జేబులో పెడతారు. మన గట్టి బెల్లం పరమాన్నం అదే పని చేస్తుంది. 200 గ్రాముల బియ్యం మీరు తెచ్చుకున్న కుక్కర్లో మెత్తగా వండి, 60 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి కలపండి. నెయ్యి వద్దు, రేసులో కడుపు బరువెక్కుతుంది. పళ్లెంలో అదిమి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి ఎనిమిది ముక్కలు కోయండి. ఒక్కో ముక్కలో సుమారు 26 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. మూడు గంటల రైడ్‌కు గంటకు 60 నుంచి 90 గ్రాములు కావాలి. అంటే గంటకు ఒక ముక్క, తీపి కలిపిన నీళ్ల సీసా ఒకటి. సీసాలో కలపడానికి ఖరీదైన పొడులు అక్కర్లేదు. 500 మిల్లీలీటర్ల నీళ్లలో 40 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, నిమ్మరసం. పంచదార సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్ కాబట్టి పేగులు రెండు దారుల్లో పీల్చుకుంటాయి. ఇవన్నీ ట్రైనింగ్‌లో కడుపుకు అలవాటు చేశాకే రేసుకు తీసుకెళ్లండి.

తీపి మొహం మొత్తితే పులిహోర ముక్కలు చేసుకోండి, నూనె సగానికి తగ్గించి, మిరపకాయలు మానేసి. మూడు గంటల తర్వాత ఆ చింతపండు పులుపు నోటికి ఎంత హాయిగా ఉంటుందో తొక్కినవాళ్లకే తెలుస్తుంది.

రేసు రోజు భోజనం రేసుకు మూడు గంటల ముందు అయిపోవాలి. కెర్మెస్‌లు ఎక్కువగా మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మొదలవుతాయి. కాబట్టి పన్నెండు లోపు అన్నం, పలచటి పెరుగు, ఒక గుడ్డు. పప్పు, కూరలు, పచ్చళ్లు సాయంత్రానికి ఉంచుకోండి.

పోపు పెట్టేముందు కిటికీలు తెరవండి. ఫ్లాండర్స్‌లో 2020 నుంచి ప్రతి ఇంట్లో పొగ అలారం తప్పనిసరి, ఎండుమిర్చి మాడితే ఇల్లంతా లేస్తుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి లేదా పూట తెరుస్తారు, శనివారమే కొనుక్కోండి. కుళాయి నీళ్లు తాగవచ్చు. చెత్త రకరకాల సంచుల్లో వేరు చేయాలి. ఇంటి ఓనరుతో మొదటి గొడవ సాధారణంగా దీని దగ్గరే వస్తుంది, ఏ సంచి ఏ వారమో గోడ మీద రాసి పెట్టుకోండి.

6. రేసు రోజు

ఏ రేసు ఎప్పుడో, ఏ కేటగిరీదో సైక్లింగ్ వ్లాండరెన్ క్యాలెండర్‌లో చూసుకోండి. పందొమ్మిది నుంచి ఇరవై రెండేళ్ల వాళ్లు, ప్రొఫెషనల్ టీముతో కాంట్రాక్టు లేని ఎలీట్లు (అంతకన్నా పెద్దవాళ్లు) కలిసి తొక్కే రేసులు గట్టివి. మొదటిసారి వెళ్లేటప్పుడు మీ లైసెన్సు కేటగిరీకి ఏవేవి అందుబాటులో ఉన్నాయో ముందే ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి.

ముప్పై కిలోమీటర్ల లోపు ఊరైతే వీపున చిన్న సంచి వేసుకుని తొక్కుకుంటూ వెళ్లిపోండి, వార్మప్ అయిపోతుంది. ఇంకా దూరమైతే రైలు, సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. గంటన్నర ముందు చేరుకోండి. పేర్లు ఇచ్చేది ఊరి మధ్య ఏ కేఫ్‌లోనో చర్చి హాల్లోనో. లోపల బీరు వాసన, అకార్డియన్ పాట, టేబుల్ వెనక డెబ్బై ఏళ్ల వలంటీర్లు. లైసెన్సు ఇచ్చి, ఫీజు కట్టి నంబరు తీసుకుంటారు. చాలా చోట్ల రేసయ్యాక నంబరు తిరిగిచ్చి లైసెన్సు తీసుకోవాలి. చిల్లర నగదు, పిన్నీసులు వెంట ఉంచుకోండి. బట్టలు మార్చుకోవడానికి గదులు ఉండవు. ఊళ్లోవాళ్లే తమ గ్యారేజీ తలుపులు తీసి పెడతారు, ముసలమ్మ బకెట్ నీళ్లు కూడా ఇస్తుంది. వెళ్లేముందు నేల తుడిచి, థాంక్స్ చెప్పి రండి. మరుసటి ఏడాది అదే గ్యారేజీకి మళ్లీ వెళ్తారు.

తర్వాత సర్క్యూట్ మీద కనీసం రెండు చుట్లు తిరగండి. ఒక చుట్టు అయిదు నుంచి పది కిలోమీటర్లు ఉంటుంది, మొత్తం రేసు 100, 120 కిలోమీటర్లు. చూడాల్సింది ఎత్తుపల్లాలు కాదు, ఫ్లాండర్స్‌లో చాలా సర్క్యూట్లు బల్లపరుపు. గాలి చూడండి. జెండాలు, మొక్కజొన్న చేలు ఎటు వంగుతున్నాయి? ఏ మలుపు తిరిగాక గాలి పక్కనుంచి కొడుతుంది? అక్కడే రేసు తెగుతుంది.

పక్కగాలి సంగతి మన మైదానాల్లో ఒంటరిగా తొక్కేవాళ్లకు అర్థం కాదు. గాలి ఎడమ నుంచి వస్తే ముందున్నవాళ్లు ఒకరి కుడి వెనక ఒకరు ఏటవాలుగా పరుచుకుంటారు. రోడ్డు వెడల్పు పది పన్నెండు మందికి సరిపోతుంది. పదమూడో వాడి నుంచి అందరూ రోడ్డు అంచున ఒకే వరసలో, ఎవరి చాటూ లేకుండా తొక్కాలి. ఆ వరసలో ఒక్కడు అలసి చక్రం వదిలితే వెనకున్న వాళ్లందరి రేసూ అయిపోయినట్టే. కాబట్టి ఆ మలుపుకు ఒక కిలోమీటరు ముందే గుంపులో మొదటి పాతిక మందిలో ఉండాలి. వెనకపడి, మన వరసే ఇంకోటి కట్టుకుందామని పక్కవాడికి చెప్పే ధైర్యం రెండో నెలలో వస్తుంది.

మలుపుల్లో కూడా అదే లెక్క. ముందు పది మంది దాదాపు అదే వేగంతో తిరిగిపోతారు. వెనక ఎనభయ్యో వాడు పూర్తిగా బ్రేకు వేసి, మళ్లీ సున్నా నుంచి స్ప్రింట్ చేసి అందుకోవాలి. చుట్టుకు పది మలుపులు, పదిహేను చుట్లు అనుకుంటే అతను 150 స్ప్రింట్లు చేసినట్టు. ఇద్దరిదీ ఒకే రేసు, కానీ ఒకడు సగం ఖర్చుతో వెళ్లాడు. ఇండియాలో ఉండగానే వారానికి రెండుసార్లు పదిహేను సెకన్ల స్ప్రింట్, నలభై అయిదు సెకన్ల విరామం, ఇలా ఇరవై నిమిషాలు చేసి వెళ్లండి. మనవాళ్లు గంటసేపు ఒకే శక్తితో తొక్కడంలో గట్టివాళ్లు. అక్కడ దాని అవసరం తక్కువ.

మొదటి అరగంట ఊపిరాడదు, అది ముందే తెలిసి వెళ్లండి. అక్కడి వాళ్లు మొదటి చుట్టు నుంచే ఆఖరి చుట్టులా తొక్కుతారు. బయల్దేరిన వాళ్లలో సగం మంది పూర్తి చేయకుండానే దిగిపోవడం మామూలే. ప్రధాన గుంపు నుంచి బాగా వెనకపడితే అధికారులే ఆపేస్తారు. మీ మొదటి లక్ష్యం గంట నిలబడటం, తర్వాత సగం రేసు, తర్వాత పూర్తి చేయడం. మొదటి ఇరవై, ముప్పై మందికి ఎంతో కొంత డబ్బు ఇస్తారు. అది కవర్లో పెట్టి కేఫ్‌లోనే చేతికిస్తారు, సాయంత్రం ఒక ప్యాకెట్ ఫ్రైస్‌కు వస్తే గొప్ప. చివర్లో తప్పించుకుపోయిన కొందరు తమలో తాము మాట్లాడుకుని ఎవరు గెలవాలో తేల్చుకోవడం కూడా కొన్నిసార్లు చూస్తారు. అందులో మీరు తలదూర్చకండి.

రాళ్ల రోడ్డు వస్తే టైర్ల గాలి ముందే తగ్గించి ఉండాలి. 70 కిలోల మనిషి 28 టైర్లలో 65, 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవచ్చు. ఒక గేరు బరువుగా వేసి, చేతులు బార్ పైభాగంలో వదులుగా ఉంచి, చూపు పది మీటర్ల ముందు పెట్టండి. బిగించి పట్టుకున్నకొద్దీ సైకిల్ ఎగురుతుంది. కోపెన్‌బర్గ్ మీద వాలు 22 శాతం దాకా ఉంటుంది, తడిగా ఉంటే ప్రొఫెషనల్స్ కూడా దిగి నడిచారు. మీరు నడిచినా పరువేం పోదు.

సీసా అందించే మనిషి ముఖ్యం. రెండు సీసాలతో వేడి రోజున రేసు పూర్తి కాదు. రేసు లేని హౌస్‌మేట్‌ను బతిమాలండి, బదులుగా అతని రేసుకు మీరు నిలబడండి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే స్నేహాలు మొదలవుతాయి.

వారానికి రెండు రేసులు, మహా అయితే మూడు. రోజూ ఉన్నాయి కదా అని రోజూ తొక్కితే ఆరో వారానికి కాళ్లు చెప్పిన మాట వినవు. రేసు మర్నాడు నది గట్టు మీద గంట, అంతే. సైకిల్ మాత్రం అదే రాత్రి కడగాలి. పొలాల రోడ్ల మట్టి చైన్‌లో ఎండితే పొద్దున అది మీ జీతం తినేస్తుంది.

7. మందులు, సెలైన్

ఇది తేలిగ్గా తీసుకోకండి. మన ఊళ్లలో నీరసంగా ఉందంటే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి సెలైన్ ఎక్కించుకోవడం మామూలు విషయం. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమాల ప్రకారం, ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఎక్కించుకోవడం డోపింగే. లోపల ఉన్నది ఉత్త గ్లూకోజ్ అయినా సరే. వెళ్లేముందు వారంలో కూడా దాని జోలికి పోవద్దు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉందేమో చూసుకోండి, మోతాదు దాటితే రేసు రోజున దొరికిపోతారు. నొప్పికి వాడే ట్రమడాల్ 2024 నుంచి పోటీల్లో నిషేధం. జిమ్ దుకాణంలో అమ్మే పొడులు, మూలికల డబ్బాలు ఇంట్లోనే వదిలేయండి. కెర్మెస్ చిన్న రేసే కదా, ఎవరు పరీక్షిస్తారు అనుకోకండి. ఫ్లాండర్స్‌లో డోపింగ్ అధికారులు చిన్న ఊళ్లకూ వస్తారు. ఆస్తమా ఇన్‌హేలర్ లాంటివి వాడేవాళ్లు ఎంత మోతాదు వరకు అనుమతి ఉందో ముందే తెలుసుకుని డాక్టరు చీటీ పెట్టుకోండి.

8. పడితే

పడతారు. చర్మం గీరుకుపోతే ఆ సాయంత్రమే సబ్బు నీళ్లతో ఇసుక పోయేదాకా కడగండి, ఏడుపొచ్చినా సరే. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపులో తడి ఆరనివ్వని పట్టీలు దొరుకుతాయి, మన అయోడిన్, పొడి మందుల కంటే అవే త్వరగా మాన్పుతాయి. తలకు దెబ్బ తగిలితే హెల్మెట్ బాగానే ఉన్నా ఆ రేసు అక్కడితో ఆపేయాలి. తలనొప్పి, వాంతి, మతిమరుపు ఏది కనిపించినా 112కు ఫోన్ చేయండి. పగిలిన హెల్మెట్‌ను మళ్లీ పెట్టుకోవద్దు.

9. ఇల్లు, ఫోను

వేసవిలో మన టైమ్ వాళ్ల కంటే మూడున్నర గంటలు ముందు. రేసు అయి మీరు ఫోన్ చేసే ఆరు గంటలకు ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర, అమ్మ నిద్రపోకుండా చూస్తుంటుంది. ఆమె అడిగేది ఒక్కటే, ‘గెలిచావా నాన్నా?’ మూడు నెలలూ ఆ ప్రశ్నకు కాదని చెప్పడం కాళ్ల నొప్పుల కంటే కష్టం. అందుకే బయల్దేరకముందే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, అక్కడ యాభయ్యో స్థానమంటే ఏమిటో, పూర్తి చేయడమంటే ఏమిటో వివరంగా చెప్పండి. ‘ఇవాళ ఎన్ని చుట్లు ఉన్నావు?’ అని అడగడం నేర్పండి. అలా అడిగితే ప్రతి వారం చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

వానలో గదిలో ఒక్కరే ఉన్న రోజులు వస్తాయి. వాటికి ముందే ఒక ఏర్పాటు ఉండాలి. వారానికో రోజు సైకిల్ ముట్టుకోకండి. బ్రసెల్స్‌లోనో లూవెన్‌లోనో తెలుగువాళ్లు దొరికితే ఆ రోజు అక్కడికి భోజనానికి వెళ్లండి, రేసుల సంగతి ఎత్తకండి. ఆదివారం స్థానిక క్లబ్బు రైడ్‌కు వెళ్తే చివర్లో అందరూ కేఫ్‌లో కూర్చుంటారు. బీరు తాగకపోయినా కూర్చోండి. వచ్చే వారం మీ ఊరి వైపు రేసుకు కారులో చోటుందని చెప్పేది ఆ టేబుల్ దగ్గరే.

10. తిరిగి వచ్చేముందు

తొంభయ్యో రోజు దాకా ఆగకండి, మూడు నాలుగు రోజులు మిగుల్చుకుని టికెట్ తీసుకోండి. విమానం రద్దయితే గడువు దాటిన మచ్చ మీకే పడుతుంది. ఆఖరి రేసుకు, ప్రయాణానికి మధ్య కనీసం రెండు రోజులు ఉంచండి, సైకిల్ విప్పి కడిగి సర్దడానికే ఒక పూట పడుతుంది. మీరు తొక్కిన రేసుల ఫలితాల పేజీలు, పూర్తి చేయనివి కూడా, సేవ్ చేసుకుని మీ రాష్ట్ర సంఘానికి పంపండి. భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి షెంగెన్ నియమాలు కొంచెం సడలాయి. గత మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకు సాధారణంగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇస్తారు. దిగినప్పుడూ బయల్దేరినప్పుడూ సరిహద్దులో నమోదైన తేదీలే దానికి ఆధారం. వాటి రుజువులతో పాటు బోర్డింగ్ పాసులు, గ్యారేజీ ముసలమ్మ చిరునామా కూడా ఒకే కవర్లో దాచండి. వచ్చే ఏడాది ఆహ్వాన పత్రానికి మొదట అడగాల్సింది ఆమె ఊరి క్లబ్బునే.